ఒరిజినల్స్ అడుగుతున్న నర్సింగ్ హోమ్‌లో మొదటి ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పాసై, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుంది. పెద్ద ఆసుపత్రుల నుంచి మూడు నెలలుగా పిలుపు లేదు. విజయవాడ సూర్యారావుపేటలో 40 పడకల నర్సింగ్ హోమ్ వాళ్లు నెలకు 14 వేలు ఇస్తామన్నారు. రెండేళ్ల బాండ్ రాయాలట, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలట. చేర్చమంటారా?

జవాబు: ఒరిజినల్స్ షరతు తీసేస్తే చేర్చండి. తీయకపోతే వద్దు. జీతం తక్కువన్నది ఏడాదిలో సర్దుకునే విషయం. సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటే మాత్రం రేపు మంచి పోస్టు వచ్చినా వెరిఫికేషన్‌కి పట్టుకెళ్లడానికి చేతిలో ఏమీ ఉండదు. ఒరిజినల్స్ చూపించి, అక్కడికక్కడే వెనక్కి తీసుకుని, సంతకం చేసిన జిరాక్సులు ఇవ్వండి. ఖాళీ చెక్కు, రాయని స్టాంపు పేపరు మీద సంతకం అసలు పెట్టనివ్వకండి.

బాండ్ ఏడాదికి తగ్గించమని అడగండి. నర్సుల కొరత ఉన్నచోట చాలాసార్లు ఒప్పుకుంటారు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో అందులో రాసి ఉండాలి. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సమంజసమైన పరిహారమే అడగగలరు, మనిషిని బలవంతంగా ఆపలేరు. అయినా కోర్టు దాకా వెళ్లే ఓపిక మనకు ఉండదు కాబట్టి జాగ్రత్త ముందే పడాలి.

ఇక జీతం. 14 వేలు తక్కువే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం వేసిన జగదీశ్ ప్రసాద్ కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఆ మాట గుర్తుచేసి ఆరు నెలల తర్వాత ఎంత పెంచుతారో కాగితం మీద రాయించుకోండి. జీతం బ్యాంకులో పడాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా అడగండి. ఈఎస్‌ఐకి ఆమె వాటా 0.75 శాతం, అంటే 14 వేలకు నెలకు 105 రూపాయలే. నైట్ డ్యూటీలు చేస్తూ రోజూ గుంటూరు నుంచి తిరగడం కుదరదు, హాస్టల్ ఖర్చు పోగా ఎంత మిగులుతుందో లెక్క వేయండి. గుంటూరు కొత్తపేటలో ఇంతకు కాస్త తక్కువకే దొరికినా, ఇంట్లో ఉండి చేసే ఉద్యోగమే మేలు.

అసలు చూడాల్సింది రాత్రి డ్యూటీ. రాత్రి తొమ్మిదింటికి అమ్మాయిని తీసుకుని వెళ్లి చూడండి. వార్డులో రిజిస్టర్డ్ నర్సులు ఎంతమంది? డ్యూటీ డాక్టరు లోపల ఉంటారా, ఫోన్లోనేనా? ఐసీయూలో పడకలు ఎన్ని, వెంటిలేటర్లు ఎన్ని? కొత్తగా చేరినవాళ్లను సీనియర్ పక్కన ఎన్ని రోజులు ఉంచుతారు? రెండు మూడు వారాలైనా ఉంచకుండా మూడో రోజే ఇరవై మంది పేషెంట్లను ఒక్కదానికే అప్పజెప్పే చోటైతే, జీతం రెట్టింపు ఇచ్చినా నేను వద్దంటాను.

కొత్త నర్సులు ఇబ్బందుల్లో పడేది ఎక్కువగా డాక్టరు ఫోన్లో చెప్పే ఆర్డర్లతోనే. ఆయన చెప్పిన మందు, డోసు తిరిగి ఆయనకే చెప్పి, సరేననిపించుకోవాలి. టైముతో సహా కేస్‌షీట్లో రాయాలి. పొద్దున సంతకం తీసుకోవాలి. పొటాషియం క్లోరైడ్ లాంటివి పలుచన చేయకుండా నేరుగా ఐవీలో తోస్తే గుండె ఆగిపోతుంది. ఎవరు తొందరపెట్టినా ఆ పని చేయకూడదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు) పూర్తయ్యాయో లేదో ఇప్పుడే చూసుకోండి. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడగాలి. అవసరమైతే హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆ మందులు ఎక్కడ ఇప్పిస్తారో చేరేముందే అడిగి ఉంచుకోవాలి.

40 పడకలన్నది మీ అమ్మాయికి పెద్ద అడ్డంకి కాదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కి బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకైతే 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్లు చేసి ఉండాలి, అందుకే వాళ్లకు ఈ సలహా ఇవ్వను. మంగళగిరి ఎయిమ్స్ పోస్టులు కూడా నార్సెట్ ద్వారానే భర్తీ అవుతాయి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి డ్యూటీ చేస్తూనే రోజుకు గంటైనా చదవాలి.

గల్ఫ్ ఆలోచన ఉంటే అపాయింట్‌మెంట్ లెటర్, నెలనెలా పే స్లిప్పులు దాచమనండి. అక్కడి కోసం సర్టిఫికెట్లు సరిచూసే డేటాఫ్లో అనే సంస్థ వాళ్లు అనుభవం నిజమో కాదో ఆసుపత్రికే రాసి కనుక్కుంటారు. మానేసేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్లో స్టాఫ్ నర్స్ అన్న హోదా, చేసిన విభాగం, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, పడకల సంఖ్య, సీలు ఉండాలి. ఇవన్నీ రాసి ఇస్తారా అని ఇంటర్వ్యూలోనే అడగండి. తడబడితే ఇంకో నర్సింగ్ హోమ్ గుమ్మం ఎక్కండి, సూర్యారావుపేటలో వాటికి కొదవ లేదు.