పిల్లలకిచ్చిన ఇటలీ మాట, వచ్చే ఏడాది మే నెలకి

ప్రశ్న: మాది ఖమ్మం. నేను టీచర్ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు 1,35,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 38,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌లకి 15,000 పోతాయి. బాబుకి 11, పాపకి 7 ఏళ్లు. ఈ వేసవిలో ఇటలీలో ఓర్వియెటో లాంటి కొండ మీది ఊళ్లో పది రోజులు ఉందామని పిల్లలకి మాటిచ్చాం. ట్రావెల్ ఏజెంటు అయిదు ఊళ్ల ప్యాకేజీ 8,20,000 అన్నాడు. మా దగ్గర 1,50,000 ఉంది. మిగతాదానికి 5 లక్షల ఎఫ్‌డీ తీసేయాలా, పర్సనల్ లోన్ పెట్టాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. పిల్లలకిచ్చిన మాట తప్పమని చెప్పను, ఒక్క ఏడాది జరపమని అడుగుతాను.

ముందు లోన్ సంగతి. 6,70,000ని 14 శాతం వడ్డీకి మూడేళ్లకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 22,900. వడ్డీయే లక్షా 54 వేలు అవుతుంది. పది రోజుల సెలవుకి బాబు తొమ్మిదో తరగతికి వచ్చేదాకా కడుతూ ఉండాలి. అప్పు చేసి ఊరెళ్తే అక్కడ పిల్లలు ఐస్‌క్రీమ్ అడిగినా మీకు ఈఎంఐ గుర్తొస్తుంది. అది నాకు ఇష్టం లేదు.

ఇక ఎఫ్‌డీ. మీరు చూడాలనుకుంటున్న ఊళ్లోనే సాన్ పాట్రిజియో బావి ఉంది. 1527లో రోమ్‌ని సైనికులు దోచుకున్నప్పుడు పోప్ క్లెమెంట్ 7 ఓర్వియెటోకి వచ్చి తలదాచుకున్నాడు. కొండని ఎవరైనా ముట్టడిస్తే నీళ్లెలా అని ఆ బావి తవ్వించాడు. లోతు 53 మీటర్లు, దిగడానికి 248 మెట్లు. దిగే దారి వేరు, ఎక్కే దారి వేరు, అందుకే నీళ్లు మోసే గాడిదలు ఒకదానికొకటి ఎదురుపడేవి కావు. పని 1537లో పూర్తయింది. దప్పికైనప్పుడు బావి తవ్వడం కాదు, ముందే తవ్వుకోవడం. మీ ఇంటికి ఆ 5 లక్షలే ఆ బావి. మీవారిది ప్రైవేటు ఉద్యోగం అని మీరే రాశారు. దాన్ని ముట్టుకోవద్దు.

మరి డబ్బు ఎక్కడిది? మీ ఖర్చులన్నీ పోగా నెలకు 30,000 మిగలాలి. మిగలకపోతే ఎక్కడ పోతోందో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. ఈ మార్చి నుంచి 15,000 చొప్పున రెండు ఆర్‌డీలు, అంటే నెలనెలా కట్టే డిపాజిట్లు, మొదలుపెట్టండి. ఒకటి పది నెలలది, రెండోది పద్నాలుగు నెలలది. రెండు ఎందుకంటే విమానం టికెట్ల డబ్బు జనవరిలోనే కావాలి, అక్కడి ఖర్చు మేలో. మొదటిది అయిపోయాక ఆ 15,000ని ఏప్రిల్ దాకా సేవింగ్స్‌లో వేయండి. వడ్డీ 6.5 శాతం అనుకుంటే అన్నీ కలిపి 4,33,000. చేతిలో ఉన్న లక్షన్నరతో 5,83,000.

ఈ డబ్బు సరిపోతుంది, అయిదు ఊళ్లు తిరగకపోతే. మీరడిగింది ఒక కొండ ఊరు, ఏజెంటు అమ్ముతున్నది బస్సు కిటికీలోంచి ఇటలీ. ఓర్వియెటోలోనే వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. యూరోని 105 రూపాయలుగా వేసి నా లెక్క: టికెట్లు మనిషికి 65,000 చొప్పున 2,60,000. వీసా, ఇన్సూరెన్స్ 50,000. తొమ్మిది రాత్రుల అద్దె రోజుకి 100 యూరోల చొప్పున 94,500. తిండికి 68,000. రైళ్లు, ప్రవేశ టికెట్లు 52,500. మొత్తం 5,25,000. పైన పది శాతం పెట్టినా 5,78,000 లోపే.

వాయిదా వల్ల ఒక చిన్న నష్టం ఉంది, దాచను. ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిది) ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండు లోపు పిల్లలకి 45. బాబుకి అప్పటికి 12 నిండుతాయి, పెద్దల ఫీజే కట్టాలి. అంటే దాదాపు 4,700 ఎక్కువ. లోన్ వడ్డీ లక్షన్నరతో పోల్చుకోండి. ఇన్సూరెన్స్‌లో వైద్య ఖర్చుల కవర్ కనీసం 30,000 యూరోలు ఉండాలి.

మన సెలవులు జూన్ రెండో వారం దాకా ఉండడం మీకు కలిసొచ్చింది. అక్కడ రేట్లు మండేది జూలై, ఆగస్టుల్లో. ఆగస్టు 15న ఫెర్రగోస్తో పండగ, దేశమంతా సెలవులో ఉంటుంది. మే రెండో వారంలో వెళ్లి జూన్ 2న వచ్చే వాళ్ల రిపబ్లిక్ డే లోపు వచ్చేయండి.

కారు అద్దెకి తీసుకోవద్దు. కొండ ఊళ్ల పాత వీధుల్లోకి బయటి కార్లు రాకూడదు. గీత దాటితే కెమెరా పట్టేస్తుంది. నా క్లయింట్ ఒకాయనకి తిరిగొచ్చిన నాలుగు నెలలకి రెండు జరిమానాలు, పైన అద్దె కంపెనీ చార్జీలు వచ్చాయి. ఓర్వియెటోకి కారు అక్కర్లేదు. రోమ్ నుంచి రైలు కొండ కిందే ఆపుతుంది, అక్కడి నుంచి తాడుతో లాగే ఫునికులార్ పైకి తీసుకెళ్తుంది. పిల్లలు ముందు సీటు కోసం కొట్టుకుంటారు.

హోటల్లో కూర్చుంటే బిల్లులో కోపెర్తో అని, టేబుల్ దగ్గర కూర్చున్నందుకు, మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు. నలుగురికి పూటకి వెయ్యి రూపాయలు, ఇంకా ఏమీ తినకముందే. రాత్రి వంట ఇంట్లో చేసుకుంటే చాలా మిగులుతుంది, పప్పు, చింతపండు మీ పెట్టెలో ఉంటే ఇంకా మంచిది. కార్డు గీకేటప్పుడు మెషీన్ రూపాయల్లో కడతారా, యూరోల్లోనా అని అడుగుతుంది. యూరోలే నొక్కండి. మీ కార్డుకి 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో కడితే బ్యాంకు వేసే అదనపు చార్జీ) ఉంటే, 2 లక్షల ఖర్చు మీద జీఎస్టీతో 8,260 పోతుంది. ముందే యూరోలు వేసుకుని వెళ్లే ఫారెక్స్ కార్డు రేటుతో పోల్చి చూసుకోండి.

మీవారికి ఆఫీసులో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణానికిచ్చే భత్యం) ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి, ఆ పన్ను మినహాయింపు దేశంలోపల ప్రయాణాలకే. ఎప్పుడైనా ప్యాకేజీయే తీసుకుంటే ఏజెంటు టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తాడు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు, రసీదు దాచండి.

ఈ వారంలో పిల్లల పాస్‌పోర్టులు తీసి చూడండి. వాళ్లవి అయిదేళ్లకే అయిపోతాయి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు గడువు మిగలాలి. రెన్యువల్ ఉంటే ఇప్పుడే పెట్టేయండి.