బైట్ అంటే బైట కాదు

అమ్మలూ,

నీకు డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ ఆఫీసరు పని నేర్చుకోడానికి, ఓడ దొరికిందని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల ఓడ ఎక్కుతోందని మీ పెద్దమ్మ తెల్లారేసరికి వీధంతా చెప్పి వచ్చింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒక పక్క సంతోషం, ఇంకో పక్క నా ఎడమ కాలు.

సీడీసీ (ఓడ పనివాళ్ల గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు, మెడికల్ కాగితాలు జిరాక్సులు తీసి వేరే బ్యాగులో పెట్టుకో. సేఫ్టీ షూ నీ సైజుదే అడిగి తీసుకో, పెద్దది ఇస్తే సర్దుకుపోకు. వాంతులవుతున్నా ఖాళీ కడుపుతో ఉండకు, బిస్కెట్లయినా నములు. ఇవన్నీ అక్కడ వాళ్లూ చెబుతారు.

నేను చెప్పాల్సింది ఒక్క మాట గురించి. బైట్.

ట్రైనింగులో ఆ మాట మొదటిసారి విన్నాను. "తాడు బైట్‌లో నిలబడకూడదు" అన్నారు మాస్టారు. అందరితో పాటు నేనూ తల ఊపాను. అర్థం కాలేదు. అడిగితే వీడికి ఇంగ్లీషు రాదనుకుంటారని సిగ్గు. పక్కవాణ్ని కూడా అడగలేదు.

ఏడాది తిరక్కుండా ఒక రేవులో ఓడని మోకులతో గట్టుకి కడుతున్నాం. సన్నగా వాన. మోకు వించి (తాడు లాగే యంత్రం) నుంచి వచ్చి, రోలర్ దగ్గర మలుపు తిరిగి, ఓడ అంచు మీదుగా రేవులో బొల్లార్డుకి, అంటే తాడు తగిలించే దిమ్మకి, వెళ్తోంది. బోసన్, అంటే డెక్ పనివాళ్ల మేస్త్రీ, పెద్దాయన, మలయాళీ. ఉన్నట్టుండి నా వైపు చూసి "బైట్! బైట్!" అని అరిచాడు. వించి మోతలో నా చెవికి అది మన "బైట! బైట!" లాగే వినపడింది. బైటకి పొమ్మంటున్నాడనుకున్నాను. ఓడలో బైట అంటే సముద్రం వైపే కదా! రెయిలింగు వైపు రెండడుగులు వేశాను. సరిగ్గా ఆ మలుపు కడుపులోకి.

తడిసిన మోకు బిగుస్తుంటే దాని పోగుల్లోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పిండుకుని బైటికొస్తాయి, కిర్రుమంటుంది. అది నేను చూశాను, విన్నాను, అయినా కదల్లేదు. మోకు రోలర్ మీంచి ఎగిరింది. ఒంగిన తాడు బిగిస్తే తిన్నగా అయిపోవాలనే చూస్తుంది, దారిలో మనిషి ఉన్నా ఆగదు. బోసన్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి నడుముకి తగలాల్సిన దెబ్బ కాలికి తగిలింది. ఎముక రెండు చోట్ల విరిగింది. ఇంట్లో అందరికీ మెట్ల మీంచి పడ్డానని చెప్పాను. "పెదనాన్నా, ఎందుకు కుంటుతావు?" అని చిన్నప్పుడు నువ్వు అడిగితే నీకూ అదే చెప్పాను. అబద్ధం చెప్పాను తల్లీ.

మంచం మీద ఉన్నప్పుడు డిక్షనరీ తెప్పించుకుని ఆ మాట వెతికాను. కొరకడానికీ దీనికీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ఒంపు అని అర్థం. తల వంచడాన్ని వాళ్లు "బౌ" అంటారే, దానికి చుట్టం. జర్మన్‌లో సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోటుని "బుఖ్ట్" అంటారు, అదీ ఈ కుటుంబమే. ఆస్ట్రేలియా దక్షిణ తీరం లోపలికి ఒంగిన చోట గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ ఉంది, చార్టులో చూస్తావు. కైలాసగిరి ఎక్కి చూస్తే మన తీరం డాల్ఫిన్స్ నోస్ వైపు ఒంపు తిరుగుతూ పోతుంది కదా, అలా తిరిగిన తాడుని ఊహించుకో. రెండు కొసల మధ్య ఒంగినదీ, వదులుగా ఉన్నదీ అంతా బైటే.

చెవి మోసం చేస్తుందని పెద్దపెద్ద నౌకాదళాలకీ తెలుసు. ఓడ కుడి పక్క స్టార్‌బోర్డ్, ఎడమ పక్కని ఒకప్పుడు లార్‌బోర్డ్ అనేవారు. గాలిలో రెండూ ఒకేలా వినపడతాయని 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ని వదిలేసి పోర్ట్ అనమంది. అంతటి వాళ్లే మాట మార్చుకున్నారు. నువ్వు "అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్పండి" అంటే తప్పేముంది? నవ్వితే నవ్వనీ.

డెక్ మీద ప్రమాదం చోటుకి గీతలు గీసి ఉండొచ్చు. గీత దాటలేదు కదా అని ధీమాగా ఉండకు, మోకు గీతలు చూసుకుని ఎగరదు. నైలాన్‌ది అయితే సాగి సాగి ఒక్కసారిగా తెగుతుంది.

మొన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు తాడు చుట్ట మధ్యలో నిలబడి ఫోటో దిగి పంపావు. ఒళ్లు మండిపోయింది నాకు. ఇంకోసారి అలా చేశావంటే ఊరుకోను! ఫోటోలో నవ్వు మాత్రం అచ్చం మీ నాన్నమ్మదే. దాచుకున్నాను.

ఆదివారం రా. పెద్దమ్మ చందువా పులుసు పెడుతుంది. డాబా మీద బట్టల తాడు విప్పి నేల మీద ఒంపులుగా పరిచి ఉంచుతాను. ఏది బైటో, ఏది కాదో నువ్వు నడిచి చూపించాలి.

మీ పెదనాన్న