కొండ అడవిలో ఫ్రీగా టెంట్ వేసుకోవచ్చా? పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అడవిలో టెంట్ వేసుకుని పడుకోవడం గురించే ఉన్నాయి. సెలవుల్లో అమెరికా వెళ్లే పెద్దవాళ్ల దగ్గర్నుంచి కాలేజీ కుర్రాళ్ల దాకా అందరూ దాదాపు ఒకటే అడిగారు, అందుకే నాలుగు ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండి. మా అబ్బాయీ కోడలూ డెన్వర్‌లో ఉంటారు, జూలైలో మేమిద్దరం వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. కొండల మీద గవర్నమెంట్ ఫారెస్ట్‌లో టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉందామమ్మా, పైసా కట్టక్కర్లేదు, అడిగేవాళ్లు ఉండరు అంటున్నాడు. అంత అడవిని ఊరికే ఎలా వదిలేస్తారండీ? పైగా బాత్రూమ్ ఉండదట, నీళ్లుండవట, ఎలుగుబంట్లు మాత్రం ఉంటాయట. నాకు అరవై దాటాయి, బీపీ ఉంది. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. అమెరికాలో నేషనల్ ఫారెస్ట్‌లు 154 ఉన్నాయి, వాటిని చూసుకునేది వాళ్ల వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్. వీటిల్లో చాలా చోట్ల క్యాంప్‌గ్రౌండ్‌తో పని లేకుండా అడవిలోనే అనువైన జాగా చూసుకుని టెంట్ వేసుకోవచ్చు, టికెట్ లేదు, బుకింగ్ లేదు, డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. అలాగని ఊరికే వదిలేశారనుకోకండి. సాధారణంగా ఒక చోట 14 రోజులు దాటి ఉండనివ్వరు, ఈ లెక్క ఫారెస్ట్‌ని బట్టి మారుతుంది. నేషనల్ పార్క్ సంగతి మళ్లీ పూర్తిగా వేరు, డెన్వర్‌కి దగ్గర్లో ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో ముందే పర్మిట్ గానీ బుకింగ్ గానీ లేకుండా రాత్రి ఉండటానికి లేదు, దాన్ని ఆనుకునే ఉన్న అరాపహో, రూజ్‌వెల్ట్ ఫారెస్ట్‌లో చాలా చోట్ల ఫ్రీ. మనవాళ్లు ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, పార్క్‌లోకి వెళ్లి ఇది ఫ్రీ అనుకుని ఫైన్ కడతారు.

డెన్వర్ చుట్టుపక్కల రద్దీ బాగా పెరిగిపోయి కొన్ని చోట్ల నంబర్ వేసిన జాగాల్లోనే ఉండమంటున్నారు, ఆ నంబర్లు నిండిపోతే వెనక్కి రావాల్సిందే. అందుకని అబ్బాయిని బయల్దేరేముందు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ దింపుకోమనండి, అది కూడా ఫ్రీయే. కారు ఏ రోడ్డు మీదకి వెళ్లొచ్చో అందులో ఉంటుంది, ఏ రోడ్డు పక్కన కారు దింపి క్యాంప్ చేసుకోవచ్చో చుక్కలు పెట్టి మరీ చూపిస్తారు. ఫోన్‌లో చూసే మామూలు మ్యాప్‌లో ఈ సంగతులేవీ తెలియవు. ఆ పైన రేంజర్ ఆఫీసుకి ఒక ఫోన్ కొట్టి, ఈ వారం మంటలు వేసుకోనిస్తున్నారా, రోడ్లేమైనా మూశారా అని అడిగితే ఓపిగ్గా చెబుతారు.

ఇక మీ విషయంలో నాకు బెంగంతా ఎత్తు గురించేనండి. రావులపాలెం సముద్రమట్టానికి ఏపాటి పైన ఉంది చెప్పండి, డెన్వర్ ఊరే 5,280 అడుగుల మీద ఉంది, అక్కడ కొండల్లో టెంట్లు వేసే జాగాలు తొమ్మిది పదివేల అడుగుల మీద ఉండటం మామూలే. 8,000 అడుగులు దాటాక తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు, వయసుతో సంబంధం లేదు, కుర్రాళ్లకీ వస్తుంది. దిగగానే కొండెక్కేయకుండా మూడు నాలుగు రోజులు డెన్వర్‌లోనే ఉండండి, బీపీ సంగతి ఇక్కడే మీ డాక్టర్‌గారితో మాట్లాడి మందులు సరిపడా పట్టుకెళ్లండి, కొండమీద మొదటిరోజు బరువులు మోయకండి. తలనొప్పితో పాటు వాంతులవుతున్నా, నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా పొద్దున్న చూద్దాంలే అనుకోకుండా అర్ధరాత్రయినా సరే కిందకి దిగిపోవాలి, దానికి అసలు మందు కిందకి దిగడమే. జూలైలో కూడా అంత ఎత్తులో రాత్రిపూట మన ఫ్రిజ్‌లో ఉన్నంత చలి వేస్తుంది, మంకీ క్యాప్, ఉన్ని సాక్స్ పెట్టుకోండి. మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు మెరుపులతో వాన పట్టుకుంటుంది, మెరుపులప్పుడు టెంట్‌లో కూర్చోకండి, కారులోకి వెళ్లి అద్దాలు ఎత్తుకుని కూర్చోండి.

వంట సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు వెళ్తే పొయ్యి దగ్గర మీరే కూర్చుంటారని నాకు తెలుసు. పదివేల అడుగుల మీద నీళ్లు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో ఎసరు తెర్లుతూనే ఉంటుంది గానీ అన్నం పలుకు పలుకుగానే ఉంటుంది, కందిపప్పయితే గంట మరిగినా మెత్తబడదు, గ్యాస్ అయిపోతుంది. మూడు లీటర్ల చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి కారులో పడేయమనండి, మూత పెట్టి ఆవిరి బిగిస్తే లోపల వేడి పెరిగి మన ఇంట్లో ఉడికినట్టే ఉడుకుతుంది. తాగే నీళ్లు ఇంటి దగ్గర్నుంచే క్యాన్లలో పట్టుకెళ్లడం మేలు. వాగు నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, తాగితే రోజుల తరబడి విరేచనాలు పట్టుకుంటాయి. తప్పక తాగాల్సొస్తే తెర్లడం మొదలయ్యాక ఆ ఎత్తులో మూడు నిమిషాలు మరగనివ్వాలి.

బాత్రూమ్ గురించి మొహమాటపడకుండా అడిగినందుకు థాంక్సండి, అందరికీ ఉండే సందేహమే, ఎవరూ అడగరు. కుండీల్లో మట్టి తవ్వే చిన్న పార ఒకటి పట్టుకెళ్లాలి. నీళ్లకీ, దారికీ, టెంట్‌కీ 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ల అడుగులు ఓ 70 వేసి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తీసుకుని పని అయ్యాక అదే మట్టితో పూడ్చేయాలి. ఆ లోతులోనే మట్టిలో పురుగూ పుట్రా, సూక్ష్మజీవులూ ఎక్కువుండి తొందరగా కుళ్లుతుంది. వాడిన టిష్యూ మాత్రం గోతిలో వేయకుండా జిప్ కవర్లో పెట్టుకుని వెనక్కి తెచ్చేసుకోవాలి. చెత్త ఎత్తేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు ఎవరూ రారక్కడికి, మనం ఏది వదిలితే అది అలాగే ఉంటుంది, అరటితొక్క కూడా. డబ్బు తీసుకోకపోవడానికి కారణం కూడా ఇదేనండి, ఆ పనులన్నీ మనమే చేసుకుంటామన్న నమ్మకం మీద ఇస్తున్నారు.

డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో ఉండేవి నల్ల ఎలుగుబంట్లు, వాటికి మనతో పని లేదు, మన తిండితోనే. మీరు తీసుకెళ్లే ఆవకాయ సీసా, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా, ఆఖరికి టూత్‌పేస్టు, తలకి రాసుకునే కొబ్బరినూనె కూడా టెంట్‌లో ఉండకూడదు. అన్నీ కారులో పెట్టి అద్దాలు ఎత్తి తలుపులు లాక్ చేయాలి, లాక్ లేకపోతే హ్యాండిల్ లాగి తలుపు తీయడం వాటికి వచ్చు. వంట, తిండి టెంట్‌కి దూరంగా కానిచ్చి గిన్నెలు వెంటనే కడిగేయండి. మనిషి తిండికి అలవాటు పడి మళ్లీ మళ్లీ వచ్చే ఎలుగుబంటిని చివరికి వన్యప్రాణి శాఖ వాళ్లే చంపేయాల్సి వస్తుంది, మన అజాగ్రత్తకి దాని ప్రాణం పోవడం అన్యాయం కదమ్మా.

మంట విషయంలో మాత్రం అస్సలు రాజీ వద్దు. బ్యాన్ ఉందంటే పుల్లలతో చలిమంట కూడా వేయకూడదు, మీట తిప్పితే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌ని చాలాసార్లు ఒప్పుకుంటారు, అది కూడా అడిగి తెలుసుకోవాలి. 2002లో డెన్వర్‌కి దక్షిణంగా ఉన్న పైక్ ఫారెస్ట్‌లో బ్యాన్ ఉండగా వేసిన ఒక చిన్న మంట పెరిగి సుమారు 1,38,000 ఎకరాలు కాల్చేసింది, 133 ఇళ్లు బూడిదయ్యాయి, వేసింది ఎవరో కాదు, ఫారెస్ట్ ఉద్యోగే. బ్యాన్ లేనప్పుడు కూడా కిందపడి ఎండిన పుల్లలే వాడాలి, పడుకునేముందు నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోసి, చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగలాలి.

వెళ్లమంటారా అని అడిగారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కాకపోతే మొదటి రాత్రి అదే ఫారెస్ట్‌లో డబ్బు కట్టే క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండండి, గొయ్యి మీద కట్టిన లెట్రిన్, బల్ల, పక్కన నలుగురు మనుషులు ఉంటారు. అక్కడ ఒంట్లో బాగుంటే, మోకాళ్లు సహకరిస్తే రెండో రాత్రి ఫ్రీ జాగాకి మారండి.

ప్రశ్న: ఉత్తరాఖండ్ కొండల్లో పచ్చిక బయళ్ల మీద టెంట్ వేసుకునే వీడియోలు చూశాను. సొంత టెంట్ పట్టుకెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: సరిపోదండి. ఆ బయళ్లని బుగ్యాల్ అంటారు, వాటి మీద రాత్రి ఉండకూడదని 2018 ఆగస్టులో అక్కడి హైకోర్టు ఆర్డర్ ఇచ్చింది. మీరు చూసిన వీడియోలు అంతకుముందువో, తర్వాత తప్పుగా తీసినవో చూసుకోండి. ట్రెక్‌కి వెళ్తే ఆ డివిజన్ ఫారెస్ట్ ఆఫీసు పర్మిట్ తీసుకుని, రాత్రి ఎక్కడ ఉండనిస్తారో వాళ్లనే అడగండి.

ప్రశ్న: అన్నా, మేం ఇంజనీరింగ్ చదివే ఫ్రెండ్సంతా బైకుల మీద మారేడుమిల్లి వెళ్దామనుకుంటున్నాం, అడవి లోపలకి వెళ్లి వాగు పక్కన టెంట్ వేసుకుని క్యాంప్‌ఫైర్ పెట్టుకుంటాం, గవర్నమెంట్ అడవే కదా, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు కదా?
– భీమవరం నుంచి

జవాబు: తమ్ముళ్లూ, అక్కర్లేదు అని చెప్పలేను, కుదరదు కూడా. అమెరికాలో చట్టమే రమ్మంటుంది, మన దగ్గర చట్టం ముందు అడగమంటుంది. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి పర్మిషన్ లేకుండా వెళ్లడం, మంట పెట్టడం రెండూ 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరాలే. గోదావరి వైపు పాపికొండలు 2008లో నేషనల్ పార్క్ అయ్యాయి, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది, కేసు పడితే పాస్‌పోర్టు దగ్గర, ఉద్యోగం దగ్గర అడ్డు తగులుతుంది.

ఇంకో మాట కూడా వినండి. ఆ అడవి ఖాళీ జాగా కాదు, కొండరెడ్లు తరతరాలుగా ఉంటున్న చోటు. 1882 మద్రాస్ ఫారెస్ట్ చట్టం వచ్చి పోడు కొట్టుకోనివ్వకుండా, సొంత అడవిలో తిరగనివ్వకుండా చేసిందన్న మంటే 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు వెనక నడిచిన మన్యం పోరాటానికి పెద్ద కారణం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక గానీ వాళ్ల హక్కుకి కాగితం దొరకలేదు, చాలామందికి ఇంకా దొరకలేదు. అలాంటి చోట వాళ్లు నీళ్లు పట్టుకునే వాగు పక్కన మనం పోయి బీరు సీసాలు పగలగొట్టి, బిర్యానీ పొట్లాలు పారేసి వస్తే నాకైతే మనసొప్పదు. గాజుపెంకులున్న నీళ్లలోకి దిగేది చెప్పుల్లేని పిల్లలు.

అడవిలో రాత్రి గడపాలన్న మీ కోరిక మంచిదే, దానికి దారి ఉంది. మారేడుమిల్లిలో ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్, స్థానిక వన సంరక్షణ సమితులు కలిసి ఎకో టూరిజం నడుపుతున్నాయి, ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి. ఫ్రీ కాదు, కానీ మీరిచ్చే డబ్బు వంట చేసే ఆవిడకీ దారి చూపించే కుర్రాడికీ అందుతుంది. వాళ్లలో ఒకర్ని వెంట తీసుకుని నడవండి, చెట్టు పేరు, అడుగుజాడ, ఏ ఆకు దేనికి పనికొస్తుందో చెబుతారు, మీరే సొంతంగా తిరిగితే ఇందులో ఒక్కటీ తెలియదు. ఏజెన్సీలో మలేరియా ఎక్కువ కాబట్టి సాయంత్రమయ్యేసరికి నిండు చేతుల చొక్కా, దోమల మందు, రాత్రి దోమతెర తప్పనిసరి. వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టర్‌కి మీరే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. వానాకాలంలో జలపాతాల గుండాల్లోకి దిగకండి, పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు ఒక్కసారిగా పొంగుతుంది, కొట్టుకుపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

ప్రశ్న: డిసెంబర్‌లో అమెరికా వెళ్తున్నాం, అక్కడ పిల్లలతో క్యాంపింగ్ అనుకుంటున్నాం. వెళ్లేముందు ఇక్కడే ఒకసారి ప్రాక్టీస్ చేద్దామని ఉంది. కోరంగి మడ అడవుల్లో వేసుకోవచ్చా, లేక గోదావరి లంకలోనా?
– ముమ్మిడివరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోరంగి అభయారణ్యం అండి, అక్కడ పడుకోవడం కుదరదు, పగలు చెక్క వంతెన మీద నడిచి చూసి రావడమే. లంకల్లో జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఆలోచనే పెట్టుకోవద్దు, ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలితే రాత్రికి రాత్రి ఇసుక తిన్నె మునిగిపోతుంది.

మీకు సొంత కొబ్బరితోట ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు, నవంబర్‌లో తుఫాను హెచ్చరిక లేని రోజు చూసుకోండి. టెంట్ మాత్రం చెట్టు కింద వేయకండి, కాయ గానీ మట్ట గానీ పడితే గుడ్డ ఆపలేదు, గట్టు పక్కన ఆకాశం కనపడే ఖాళీ జాగాలో వేయండి. మనది బంకమట్టి నేల, కాస్త తడిగా ఉన్నా చెమ్మ పైకి వచ్చేస్తుంది కాబట్టి కింద టార్పాలిన్ పరవండి, దాని అంచులు టెంట్ కిందకి మడిచేయాలి, బయటికి వదిలేస్తే మంచు కారి అందులోనే నిలుస్తుంది. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, టెంట్ జిప్ ఎప్పుడూ మూసే ఉండాలి, బయటికి వెళ్లాలంటే ముందు టార్చి వేసి చూసి, బూట్లు దులిపి తొడుక్కోవాలి. పొరపాటున కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నాటుమందు ఏవీ వద్దు, నొప్పి లేదని నిర్లక్ష్యం అసలే వద్దు, ఆ పాము కాటుకి నొప్పి పెద్దగా ఉండదు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

సరుకంతా ముందే టెంట్‌లో పెట్టేసుకుని, తెల్లారేదాకా దేనికోసమూ ఇంట్లోకి వెళ్లకూడదని పిల్లలకీ చెప్పండి. టార్చి బ్యాటరీ, పిల్లల దుప్పటి, అగ్గిపెట్టె, మంచినీళ్లు, ఏది తక్కువైందో ఆ రాత్రే కాగితం మీద రాసుకుని ఆ కాగితాన్ని సూట్‌కేసులో పెట్టుకోండి. ఇక్కడి పల్చటి టెంట్, దుప్పట్లు అక్కడి చలికి చాలవు కాబట్టి అవి మోసుకెళ్లకండి, దిగాక పిల్లలతో కలిసి అక్కడి చలికి తగ్గ స్లీపింగ్ బ్యాగులు అద్దెకి తీసుకోండి.