మా తమ్ముడి కాలికి కట్టు కట్టబోయే పిల్లాడికి

నాయనా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నాన్నను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారనీ, నువ్వు బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నెల రోజులు అక్కడే ఉండి నీ చేత్తోనే కట్టు కడతానన్నావనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే నెత్తురు చూసి కళ్లు తిరిగి పడిపోయినవాడివి, ఇవాళ నాన్న అరికాలి పుండు కడుగుతానంటున్నావు. మురిపెంగా ఉంది, భయంగానూ ఉంది. నీకు చేతకాదని కాదు నా భయం. షుగర్ వల్ల మీ నాన్న పాదానికి నొప్పి తెలియదు, అదీ నా భయం.

చేతులు సబ్బుతో కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం, ఫ్యాన్ ఆపడం ఇవన్నీ సిస్టర్ చెప్పే ఉంటుంది. సెలైన్‌తో కడుగు, తెరిచిన సీసా మర్నాటికి దాచకు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు, అవి క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలనూ చంపేస్తాయి. పసుపు, కాఫీ పొడి అని ఎవరు చెప్పినా పుండు దగ్గరికి రానివ్వకు.

ఇక ఆ పీల్చే కట్టు సంగతి. "లోపల దూది పలకలాంటిది, పైన స్పాంజిలాంటిది" అంది మీ అమ్మ. లోపలిది ఆల్జినేట్, పైది ఫోమ్ అయి ఉంటుంది. ఒకసారి పెట్టె మీద పేరు చూసి నాకు చెప్పు. ఆల్జినేట్‌ను సముద్రపు నాచు నుంచి తీస్తారు. పుండులో ఊరే రసి తగలగానే దానిలోని కాల్షియం రసిలోని సోడియంతో చోటు మార్చుకుంటుంది, ఆ పోగులన్నీ జిగురు ముద్దవుతాయి. రసిని పట్టుకుంటుంది, పుండును మాత్రం ఎండనివ్వదు. నేను నర్సు ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు గాయం గాలికి ఆరాలి, పక్కు కట్టాలి అనే నేర్పారు. 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందిపిల్లల మీద చేసి చూపించాడు, తడి ఆరకుండా కప్పిన గాయం మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంటుందని. ఆ సంగతి మా వార్డు దాకా రావడానికి చాలా ఏళ్లే పట్టింది.

మొదటిసారి కట్టు విప్పగానే పచ్చగా జిగురుగా ఒక ముద్ద కనిపిస్తుంది, కొంచెం వాసన కూడా వస్తుంది. చీము అనుకుని టెన్షన్ పడకు. కడిగెయ్యి, కడిగాక చూడు. అప్పటికీ వాసన వస్తుంటే అది వేరే సంగతి.

పుండు గుంటలో ఆ ఆల్జినేట్ పలకను వదులుగా పరవాలి, కుక్కకూడదు. ఎన్ని ముక్కలు పెట్టావో రాసుకో, తీసేటప్పుడు అన్నీ వచ్చాయో లేదో లెక్క చూసుకో. ఫోమ్ పుండు కంటే అన్ని వైపులా రెండు సెంటీమీటర్లయినా పెద్దదిగా ఉండాలి. మామూలుగా రెండు మూడు రోజులకు మార్చమంటారు, కానీ మరక అంచు దాకా వస్తే ఆ రోజు రాకపోయినా మార్చెయ్యి. పుండు చుట్టూ చర్మం, రోజంతా బట్టలుతికిన చేతివేళ్లలా తెల్లగా నానిపోయిందంటే తడి ఎక్కువైందన్నమాట. పైన చుట్టే బ్యాండేజీ బిగించకు, వేళ్లు చల్లబడుతున్నాయేమో తాకి చూస్తుండు.

తడి ఎక్కువైతే ఏమవుతుందో అందరూ చెబుతారు. తక్కువైనప్పుడు ఏమవుతుందో నేను చెప్తాను.

మీ మామకు బొటనవేలి కింద పుండు పడ్డప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు. ఇదే పలక పెట్టేదాన్ని. మొదటి రెండు వారాలూ రసి బాగా వచ్చేది, రెండు రోజులకోసారి విప్పితే జిగురులా జారి వచ్చేసేది. మూడో వారానికి రసి తగ్గింది. అప్పుడే డాక్టర్‌ను అడగాల్సింది. ఇంత మేలు చేసిన మందును మార్చడమెందుకని అదే కొనసాగించాను. ఒక ఆదివారం కందుకూరులో పెళ్లి. చీర కట్టుకుని, కట్టు మార్చేసి వెళదామని కూర్చున్నాను. ఫోమ్ తీశాను, కింద పలక ఎండి అతుక్కుపోయి ఉంది.

ముప్పై ఏళ్లు వార్డుల్లో చేశాను కదా, నాకో అలవాటు. చెయ్యి కట్టు మీద ఉంటుంది, కళ్లు పేషెంటు మొహం మీద ఉంటాయి. కనుబొమ ముడిపడితే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ఆ రోజూ మీ మామ మొహమే చూశాను. పేపరు చదువుకుంటున్నాడు, మొహంలో ఏ కదలికా లేదు. లాగాను. బిగిసిన బట్ట ఊడినట్టు చిన్న చప్పుడైంది. కిందికి చూస్తే, దానిమ్మ గింజల్లా మూడు వారాలుగా మొలిచిన ఎర్రమాంసం ఆ పలకకు అంటుకుని వచ్చేసింది. నెత్తురు మడమ మీదుగా కారి స్టూలు మీద పడుతోంది. ఆయన పేపరు తిరగేసి "అయిపోయిందా? బయల్దేరదామా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. గుడ్డ మడిచి పది నిమిషాలు అదిమి పట్టుకుని కూర్చున్నాను. పెళ్లికి వెళ్లలేదు. మర్నాడు డాక్టర్ దాన్ని ఆపేసి తడినిచ్చే కట్టు రాశాడు. పుండు మళ్లీ అక్కడిదాకా రావడానికి నెల పట్టింది. పది రోజుల తర్వాత మీ మామకు చెప్పాను, తప్పు నాదేనని. "నాకు తెలియలేదులే" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు, కానీ ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

అందుకే నాన్నా, మొహం చూడకు. పాదం చూడు. అతుక్కుంటే సెలైన్ పోసి అయిదు పది నిమిషాలు ఆగు, మళ్లీ పోసి, అప్పుడు అంచు నుంచి మెల్లగా ఎత్తు. వరసగా రెండుసార్లు పొడిగా వచ్చిందంటే డాక్టర్‌కు ఫోన్ చేసి రసి తగ్గిందని చెప్పు. ప్రతిసారీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫోటోకు తెలుస్తుంది.

ఎరుపు పాకుతున్నా, పాదం వాచినా, చలి జ్వరం వచ్చినా, తిండిలో తేడా లేకుండా షుగర్ పెరుగుతున్నా, వేలు నల్లబడుతున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లు. ఆదివారమని ఆగొద్దు, అమావాస్య అని మీ నాయనమ్మ ఆపినా ఆగొద్దు. వేలు నల్లబడ్డాక రెండు రోజులాగి వచ్చినవాళ్లను నేను ఎంతమందిని చూశానో. "నొప్పి లేదు కదమ్మా" అనే చెప్పేవాళ్లు.

మీ నాన్నకు ఇది చదివి వినిపించు. ఒరే తమ్ముడూ, రొయ్యల గుంట గట్టు మీద చెప్పుల్లేకుండా తిరిగి గుల్ల గుచ్చుకుంటే నాలుగు రోజులు చూసుకోలేదు నువ్వు. ఇప్పుడు కూడా తెల్లారకముందే రొయ్యల మేత చెక్ ట్రేలు చూడ్డానికి పోయావంటే ఎంత మంచి కట్టు కట్టినా దండగే. ఆ పుండు మీద బరువు పడకూడదు. రొయ్యల్ని నీ కొడుకు చూసుకుంటాడు. బాత్‌రూమ్‌కి వెళ్లినా డాక్టర్ రాసిన చెప్పులు వేసుకునే వెళ్లు.

మీ అమ్మ చీము పడుతుందని పప్పు, గుడ్డు మాన్పించిందట. మాన్పించొద్దని చెప్పు. మాంసం మొలవాలంటే ప్రోటీన్ కావాలి. కిడ్నీలు బాగానే ఉన్నాయని డాక్టర్ చెప్పాడు కాబట్టి రోజూ గుడ్డు పెట్టండి, చేపల పులుసు పెట్టండి. అన్నం మాత్రం కొలిచి పెట్టండి.

శనివారం ఒంగోలులో పొద్దున్నే బస్సెక్కి కావలిలో దిగుతాను, నువ్వు బండి తీసుకురా. ఆదివారం మార్చాల్సిన కట్టు నేను వచ్చాకే మార్చు. నేను చెయ్యి పెట్టను, పక్కన కూర్చుంటాను. మీ మామకు వాడిన స్టీలు ట్రే తోమి సంచిలో పెట్టుకున్నాను.

మీ అత్త