మీరడిగే ప్యాకేజీ వేరు, మీవాడు చేసే ప్యాకేజీ వేరు

ప్రశ్న: మాది ఆదోని. ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ అంగడి ఉంది. మూడేళ్లు మా మామ మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుని పైకొచ్చినవాణ్ని, నాకీ కంప్యూటర్ సంగతులు తెలియవు. మావాడు అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ వదలడు. ఏం చేస్తున్నావంటే ‘పైథాన్ కొత్త వెర్షన్ వచ్చింది, బిల్డ్ కాని ప్యాకేజీలు సరిచేస్తున్నా’ అంటాడు. పైసా రాదు. వాడి ఫ్రెండ్సంతా బెంగళూరులో ఏఐ, డేటా సైన్స్ కోర్సులో చేరుతున్నారు. ఫీజు 1,40,000 రూపాయలు. 100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అంటున్నారు. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: కర్నూల్లో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది ఇదే అడుగుతారు. కోర్సు పేరొక్కటే మారుతుంది. ఒకప్పుడు జావా, ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్, తర్వాత క్లౌడ్, ఇప్పుడు ఏఐ. అసలు భయం మాత్రం ఒకటే: పక్కింటి పిల్లలు ఎక్కిన బస్సు మావాడికి తప్పిపోతుందేమో అని. మీకు ప్యాకేజీ అంటే ఏడాదికి ఇన్ని లక్షలు. వాడికి ప్యాకేజీ అంటే ఇంకొకరు వాడుకోవడానికి వీలుగా కట్టిపెట్టిన ప్రోగ్రాము. అందుకే ఇంట్లో మీ ఇద్దరికీ మాట కలవడం లేదు.

నేను ప్రోగ్రామర్ని కాను. అందుకని మీవాడితో ఫోన్లో ముప్పావు గంట మాట్లాడి, వాడు చేసే పనేమిటో వాడి నోటే విన్నాను. మీకు సులువుగా అర్థమయ్యే పనే.

2020 నుంచి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తోంది, దాదాపు మీరు అంగట్లో ఆయుధపూజ చేసుకునే రోజుల్లోనే. కొత్తవి చేరుస్తారు, పాతబడ్డవాటిని ముందుగా హెచ్చరించి తీసేస్తారు. 2023లో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను తీసేశారు. ప్యాకేజీలు కట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా జనం వాడిన సరంజామా అది. మరుసటి ఏడు 3.13లో ఇంకో 19 పాత మాడ్యూళ్లు, అంటే పైథాన్‌తో పాటే వచ్చే చిన్న పనిముట్లు, పోయాయి. కంపెనీ కొత్త మోడల్ దింపి బోల్టు సైజు మార్చిందనుకోండి. ట్రాక్టరూ బాగానే ఉంటుంది, మీ దగ్గరున్న పార్టూ బాగానే ఉంటుంది, ఒకదానికొకటి పట్టవు. రైతు వచ్చి అరిచేది మాత్రం మీ అంగడి ముందే. ఫెడోరా లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారుచేసేవాళ్లు కొత్త పైథాన్ పెట్టేముందు దాని మీద ఆధారపడ్డ వేల ప్యాకేజీలను మళ్లీ బిల్డ్ చేసి, అంటే కోడ్ నుంచి వాడుకునే ప్రోగ్రాముగా కట్టి, చూస్తారు. ఆగిపోయినవాటి మీద బగ్, అంటే లోపం ఉందని, నమోదు చేస్తారు. మీవాడు అందులోంచి ఒకటి తీసుకుని కూర్చుంటాడు.

బిల్డ్ లాగ్, అంటే బిల్డ్ ఎలా నడిచిందో రాసుకున్న చిట్టా, ఒక్కోసారి వేల లైన్లు ఉంటుందట. చివరి లైను చూసి కంగారు పడకూడదు, మొదట ఎక్కడ చెడిందో పైకి వెతుక్కుంటూ పోవాలి. అదృష్టం బాగుంటే డిస్ట్‌యుటిల్స్ అన్నచోట దాని బదులు వాడే సెటప్‌టూల్స్ అని మారిస్తే సరిపోతుంది. లేకపోతే రెండు రాత్రులు. పైథాన్ లాంటి కోడ్‌ను సీ భాషలోకి మార్చే పనిముట్టు సైథాన్. ఒక ప్యాకేజీలో పాత సైథాన్ ఎప్పుడో తయారుచేసిన సీ ఫైలు ఉంది. పైథాన్ తన అంకెలను లోపల దాచుకునే తీరు 3.12లో మారింది. ఆ ఫైలు ఇంకా పాత తీరే ఉందనుకుని లోపల చెయ్యి పెడుతోంది. మీవాడు మూడు గంటలు ఆ ఫైలును చేత్తో దిద్దుతూ కూర్చుని, ఆఖరికి కొత్త సైథాన్‌తో దాన్ని మళ్లీ తయారుచేస్తే చాలని కనిపెట్టాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు వాడి గొంతు మీరు వినాల్సింది.

నేను కావాలనే ఒక మెలిక పెట్టాను. ‘ప్యాకేజీ సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు ఫెయిలైతే ఆ టెస్టునే తీసేస్తే పోదా?’ అన్నాను. ‘బిల్డ్ పాసవుతుంది సార్, వాడేవాళ్ల దగ్గర చెడుతుంది. పాత వెర్షన్లో కూడా నడిపి చూసి, అక్కడా ఏమీ చెడలేదని రాసి పంపిస్తా’ అన్నాడు. చాలామంది సర్టిఫికెట్ల పిల్లల దగ్గర నాకీ జవాబు దొరకలేదు.

ఇక మీ మీద నాకు కాస్త కోపమే ఉంది. మామ షెడ్డులో మూడేళ్లు చేతులకు గ్రీజు పూసుకున్నది పని నేర్చుకోవడం అయినప్పుడు, మీ కొడుకు చేసేది పైసా రాని పని ఎలా అయింది? అంగడికి వచ్చినవాళ్ల ముందు ‘మావాడు ఊరికే కూర్చుంటాడు’ అంటున్నారట. దయచేసి ఆ మాట మానండి.

కోర్సుల విషయంలో నా చేతులూ శుభ్రంగా లేవు. నాలుగేళ్ల కిందట కడప నుంచి వచ్చిన ఒక తల్లికి నేనే డేటా సైన్స్ కోర్సు చెప్పాను. గాజులు కుదువ పెట్టి ఫీజు కట్టిందామె. బ్యాచ్ అందరికీ ఒకే ప్రాజెక్టు, ఇళ్ల ధరలు అంచనా వేయడం. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఆ పిల్ల కంటే ముందే నలుగురు అదే చెప్పి వెళ్లారు. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. అప్పటినుంచి ‘100 శాతం అసిస్టెన్స్’ అనే మాట వింటే నాకు టెన్షన్. అసిస్టెన్స్ అంటే సాయం, ఉద్యోగం కాదు. వెళ్లి అడగదలిస్తే, పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం రాని ముగ్గురి నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

ఏఐ వద్దని కాదు. అది నడిచేది కూడా ఈ ప్యాకేజీల మీదే. పైథాన్ 3.12 2023 అక్టోబరులో వస్తే, ఏఐకి వాడే టెన్సర్‌ఫ్లో అనే ప్యాకేజీ దానికి సిద్ధమైంది 2024 మార్చిలో. ఈలోగా ఇన్‌స్టాల్ కాక బిక్కమొహం వేసినవాళ్లు ఎందరో. మీవాడైతే ఎందుకు కావడం లేదో చెప్పగలడు. లెక్కలు, స్టాటిస్టిక్స్ నేర్చుకుని ఏఐలోకి తర్వాతైనా వెళ్లొచ్చు, తలుపు మూసుకుపోదు.

పోలిక అడిగితే కథలు చెబుతున్నాడని అనుకుంటున్నారేమో. పోలిక చిన్నదే. కోర్సు సర్టిఫికెట్ ఇస్తుంది. ఈ పనిలో వాడు పంపిన ప్రతి మార్పూ, దాని మీద పెద్ద ఇంజనీర్లు అడిగిన ప్రశ్నలూ, వాడి జవాబులూ గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో ఎవరైనా చూడొచ్చు. అయితే ‘బిల్డ్ సరిచేయువారు కావలెను’ అని ఎక్కడా బోర్డు ఉండదు. రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ కంపెనీల్లో దీనికే జీతమిచ్చే ఉద్యోగాలున్నాయి, కానీ తక్కువ. చాలామంది ఈ దారిలో సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేసి నడిపించే డెవ్‌ఆప్స్ పనికో, మామూలు డెవలపర్ ఉద్యోగానికో వెళతారు. 18 నిండినవాళ్లకు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం ఉంది, ఇలాంటి అందరికీ తెరిచిన ప్రాజెక్టుల్లో పనిచేస్తే స్టైపెండ్ వస్తుంది, ముందు చేసిన పని అక్కడ బాగా పనికొస్తుంది.

వాడికీ తిట్లు ఉన్నాయి. మ్యాథ్స్‌లో ఒక బ్యాక్‌లాగ్ ఉందట, మీకు చెప్పే ధైర్యం లేక నన్ను చెప్పమన్నాడు. అది తీరేదాకా వారానికి ఒక్క ప్యాకేజీ చాలు, రాత్రి పన్నెండుకు ల్యాప్‌టాప్ మూయాలి అన్నాను. ఒప్పుకున్నాడు.

ఇంకొకటి కూడా అడగడానికి భయపడుతున్నాడు. ఆ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంది, పెద్ద ప్యాకేజీ బిల్డ్ పెడితే మధ్యలో స్తంభించిపోతోంది. 16కి పెంచాలట. కోర్సు ఫీజులో అది చాలా చిన్న వంతు. ఈసారి వాడు ఆదోని వచ్చినప్పుడు, వాడు అడగకముందే మీరే ఆ మాట ఎత్తండి.