కరిచిందని దాచకండి, చెప్పి అప్పగించండి

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా లాబ్రడార్ బంటీకి ఆరేళ్లు, 34 కిలోలు ఉంటాడు. రెండు నెలలుగా చెవులు ముట్టుకుంటే గుర్రుమంటుంటే మావారు బెత్తంతో కొట్టి మాన్పించారు. పన్నెండు రోజుల క్రితం వాడు పడుకుని ఉండగా మా ఆడపడుచు కొడుకు మెడ కౌగిలించుకుంటే చేయి కరిచాడు. నాలుగు కుట్లు పడ్డాయి. మాకు పదకొండేళ్ల పాప, రెండేళ్ల బాబు. వాడిని తిరుత్తణి దగ్గర బంధువుల మామిడితోటలో వదిలేద్దామని మావారు అంటున్నారు. పాప అన్నం ముట్టడం లేదు. వాడిని పంపేస్తే పాపం కాదా?

జవాబు: అమ్మా, మీరు బంటీని ఒక్కచోట కూడా ‘అది’ అనలేదు, ‘వాడు’ అనే రాశారు. మీ బాధ ఎంతటిదో అక్కడే తెలిసింది. అయినా సూటిగా చెబుతాను. రెండేళ్ల బాబు తిరిగే ఇంట్లో వాడిని ఉంచుకోవద్దు. బాబు మొహం, బంటీ నోరు ఒకే ఎత్తులో ఉంటాయి. ఎంత కాపలా కాసినా ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. ఇందులో పాపమేమీ లేదు.

మామిడితోట మాట మాత్రం మానుకోండి. ఇంట్లో మనుషుల మధ్య పెరిగిన ప్రాణిని చెట్టుకు గొలుసుతో కట్టేస్తే భయం పెరుగుతుంది, ఆ భయంలో ఇంకా తొందరగా కరుస్తుంది. తోటలో పనికొచ్చే కూలీలకూ పిల్లలుంటారు కదా! ఇక దారిలో ఎక్కడో వదిలేయడమంటారా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం.

చెవుల గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కుక్కకు గుర్రుమనడమే మాట. నొప్పిగా ఉంది, దూరంగా ఉండమని చెప్పుకోవడం. ఆ మాటకు దెబ్బలు పడితే మరోసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. ఆయనను నిందించకండి, చాలా ఇళ్లలో తెలియక చేసే పనే. వేలాడే చెవులున్న లాబ్రడార్లకు చెన్నై ఉక్కలో చెవి పోటు, చీము సులభంగా వస్తాయి. తుంటి కీళ్ల నొప్పులూ ఈ జాతిలో ఎక్కువ. మీకు దగ్గరలోనే వేపేరిలో, 1903లో మొదలైన పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఈ వారమే తీసుకెళ్లి రెండూ చూపించండి. నొప్పి తగ్గినా బాబు విషయంలో నా మాట మారదు, కానీ వాడు బాధ పడకుండా వెళ్తాడు.

పిల్లలు లేని, పెద్ద కుక్కను పెంచిన అనుభవమున్న ఇల్లు వెతకండి. ఎవరిని కరిచాడో, ఎలా కరిచాడో, ఎన్ని కుట్లు పడ్డాయో మొదటి రోజే చెప్పండి. చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి. అంతా విన్నాక కూడా వస్తామన్నవారితో బంటీని రెండు మూడుసార్లు నడకకు పంపి, ఆ తరువాతే టీకాల పుస్తకం, వాడి దుప్పటితో అప్పగించండి. అప్పటిదాకా బాబుకూ వాడికీ మధ్య తలుపు ఉండాలి, బయటికి తీసుకెళ్తే మూతికి చిక్కం ఉండాలి.

మీ ఆడపడుచు ఇంటికి మీరిద్దరూ వెళ్లండి. కరిచి పది రోజులు దాటినా బంటీ ఆరోగ్యంగా ఉంటే ఆ సంగతి వాళ్లబ్బాయికి వైద్యం చేసే డాక్టరుకు చెప్పండి. అయినా రేబిస్ టీకాలు సొంతంగా ఆపేయవద్దు. 28వ రోజు దాకా, డాక్టరు చెప్పినన్నీ దగ్గరుండి వేయించండి.

పాపకు ‘ఊరెళ్లాడు’ అని చెప్పకండి. ఉన్నదున్నట్టు చెప్పి ఏడవనివ్వండి. పెరుగన్నం ఏ వేళకు పెట్టాలో, పిడుగులకు ఎక్కడ దాక్కుంటాడో తన చేతే కాగితం మీద రాయించండి. కొత్తవారు ఒప్పుకుంటే ఒక నెల గడిచాక తీసుకెళ్లి చూపించండి.