గంటలు మిగిలినా పైకప్పు ఎందుకు ఊడింది: రాయగడ మిత్రుని సందేహానికి సమాధానం

ఎగిరే గంటల పరిమితి ఇంకా మిగిలి ఉండగానే హవాయి విమానసంస్థ అలోహా విమానం పైకప్పు ఎందుకు ఊడిందని మీరు అడిగారు. లెక్క తప్పింది గంటల దగ్గర కాదు, సైకిళ్ల (టేకాఫ్-ల్యాండింగ్ జతల) దగ్గర. 1988 ఏప్రిల్ 28న హవాయిలో పైకప్పు ఊడిన అలోహా బోయింగ్ 737, తన 51,000 గంటల రూపకల్పన పరిమితిలో 35,496 గంటలే ఎగిరిందన్న మీ మాట నిజమే. చాలామంది అక్కడే ఆగిపోతారు.

1. సైకిళ్లను విడిగా చూడండి. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిస్తే ఒక సైకిల్. పరిమితి 75,000, ఆ విమానం పూర్తి చేసినవి 89,680.

2. గంటలను సైకిళ్లతో భాగించండి. సగటున 24 నిమిషాలే వస్తుంది. పర్లాకిమిడి, పాతపట్నాల మధ్య తిరిగే ఆటోలాగా అది దీవుల నడుమ చిన్న ప్రయాణాలే చేసింది. ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి పీడనం పెరిగి తగ్గడంతో పైరేకుల అతుకుల వద్ద, రివెట్ల (రేకులను బిగించే లోహపు మేకుల) రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు పుట్టి, ఒకదానితో ఒకటి కలిశాయి. అతుకుల జిగురు ఊడిపోవడం, సముద్రపు ఉప్పుగాలి తెచ్చిన తుప్పు ఆ నష్టాన్ని ఇంకా పెంచాయి.

3. గంటలు, సైకిళ్లు, సంవత్సరాలు అనే మూడింటిలో ఏది ముందుగా పరిమితిని చేరితే దానినే తనిఖీకి ప్రమాణంగా తీసుకోండి. పగుళ్లు కంటికి కనిపించకపోవచ్చు కనుక, అతుకుల వరుసలకు ఎడ్డీ కరెంట్ పరీక్షను (లోహంలో దాగిన పగుళ్లను విద్యుత్ ప్రవాహంతో పట్టే పరీక్షను) ఆ తనిఖీలో తప్పక చేర్చండి.